జపానుకు దారి దివిసీమ మీదుగా

జపాను వెళ్లి వచ్చినవాళ్లు అక్కడి సంగతులు రాస్తారు. నేను ఇంకా వెళ్లలేదు. అక్కడ ఫోటోలు తియ్యడానికి అభ్యాసంగా మేం నలుగురం బందరు నుంచి గుడివాడ మీదుగా హంసలదీవి దాకా వెళ్లివచ్చిన ఆరు రోజుల సంగతి ఇది. బందరువాళ్లకు దివిసీమ పక్కనే కదా, దానికి యాత్ర ఏమిటని అడగవచ్చు. ఇరవై ఏళ్లుగా పోర్టాఫీసులో గుమాస్తాగా కూర్చుని వచ్చేపోయే పడవలను లెక్కపెట్టిన నేను ఆ ఆరు రోజులకు ముందు కృష్ణ దాటి ఎరగను. అందుచేత నాకది యాత్రే.

బందరు: పరదా మీది కొండ

జపాను మాట మొదట తెచ్చింది గఫూరు సాయిబుగారు. పెడనలో ఆయనకు అద్దకం పని ఉంది. చెక్క అచ్చులతో పువ్వులు అద్దిన గుడ్డలను ఓడల మీద పంపిస్తుంటారు గనక ఓడ కంపెనీల పుస్తకాలు ఆయనకు ఊరికే వస్తాయి. అలా వచ్చిన ఒక పుస్తకంలో మంచు కప్పిన కొండ బొమ్మ ఉంది. దాన్ని ఆయన మా వెంకటరత్నంగారి ఫోటో స్టూడియోకి తెచ్చి, అక్కడ వేలాడుతున్న పరదా పక్కన పెట్టి, రెండూ ఒకటేనా చూడమన్నారు.

ఆ పరదా గురించి చెప్పాలి. వెంకటరత్నంగారు ముప్పై ఏళ్ల కిందట ఒక బిస్కెట్ల డబ్బా మూత మీది బొమ్మ చూసి తానే రంగులు వేసిన పరదా అది. వెనక తెల్లటి కొండ, ముందు ఎర్రటి వంతెన, పక్కన పూల కొమ్మ. ఈ ముప్పై ఏళ్లలో బందరులో పెళ్లయినవాళ్లలో చాలామంది ఆ కొండ ముందు కూర్చున్నవాళ్లే. నా పెళ్లి ఫోటోలో శిఖరం సరిగ్గా నా తల వెనక వచ్చి, నేను తెల్ల టోపీ పెట్టుకున్నట్టుంటుంది. అసలు కొండ ఎలా ఉంటుందో వెంకటరత్నంగారు ఎప్పుడూ చూడలేదు. ఆ పుస్తకం చూసిన రోజు నుంచి ఆయనకు అదే ధ్యాస. చైత్రమాసంలో అక్కడ పూలు పూస్తాయట, అప్పటికి వెళ్లాలన్నారు.

నాలుగో మనిషి సత్యం. గుడివాడలో బియ్యం మిల్లు ఉంది. ముప్పై అయిదేళ్లవాడు. మడిస్తే కోటు జేబులో పట్టే కెమెరా, నోట్లో పట్టని మాట. చుట్టరికం లేకపోయినా నన్ను బావగారూ అనీ, వెంకటరత్నంగారిని మావయ్యగారూ అనీ పిలుస్తాడు. ఓడలో నాలుగు పడకల గది ఒకటి ఉంటుందని కనుక్కున్నదీ, తెచ్చిన బొమ్మలను బందరులో తెర మీద వేసి ఊరందరికీ చూపించాలన్నదీ అతనే. నిబంధన పెట్టిందీ అతనే. బయలుదేరే ముందు ఇక్కడే ఒక అభ్యాస యాత్ర చెయ్యాలి. కెమెరాకు పన్నెండు గాజు ప్లేట్లు, బొమ్మకొకటి. అందులో ఎనిమిదైనా స్పష్టంగా రాకపోతే ఆ మనిషి ఓడ ఎక్కకూడదు.

"సముద్రాలు దాటి మసక బొమ్మలు తెస్తే ఊళ్లో తలెత్తుకోలేమండీ" అన్నాడు. సరే అన్నాం. అందరికంటె ముందు సరే అన్నది వెంకటరత్నంగారు.

మిగతా ముగ్గురికీ కెమెరాలున్నాయి, నాకు లేదు. నా పని వెలుతురు లెక్క. నేను బడిలో చదివింది అయిదో తరగతి. తరవాతి లెక్కలన్నీ ఆటుపోట్ల పట్టికలూ, పంచాంగాలూ ముందేసుకుని సొంతంగా కుస్తీపట్టి నేర్చుకున్నవి. సూర్యుడు ఎంత ఎత్తున ఉంటే ప్లేటుకు ఎంతసేపు వెలుతురు చూపించాలో నేనొక పట్టిక తయారు చేశాను. ఆ పని చేస్తుంటే ఒక విచిత్రం బయటపడింది. చైత్రంలో, పూలు పూసే రోజుల్లో, జపానులో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు యాభై ఎనిమిది, యాభై తొమ్మిది డిగ్రీలు. మన బందరులో మాఘమాసం మొదట్లో మధ్యాహ్నం ఎత్తు కూడా అంతే. అంటే మాఘంలో ఒక వారం రోజులు మన నెత్తి మీద ఉండేది జపాను చైత్రపు ఎండ. అభ్యాసానికి ఆ వారమే మంచిదని నేను చెబితే, గఫూరు సాయిబుగారు కిటికీలోంచి ఎండకేసి చూసి, ఓడ టిక్కెట్టు లేకుండానే సగం పని అయిపోయిందన్నారు.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం వెంకటరత్నంగారు నన్ను ఒక్కణ్నే స్టూడియోకి పిలిపించారు. తలుపు వేశారు. ఆయన పెద్ద కెమెరా మూడుకాళ్ల స్టాండు మీద ఉంది.

"కామేశంగారూ, కెమెరా వెనక గరుకు అద్దం మీద నాకు బొమ్మ కనపట్టం లేదండీ. పాలు పోసినట్టుంది" అన్నారు.

ఎన్నాళ్లనుంచని అడిగాను. దసరా నుంచట. శుక్లాలు. స్టూడియోలో అయితే కుర్చీ చోటూ, కెమెరా చోటూ మారవు గనక నెట్టుకొస్తున్నారు. ఆపరేషను చేయించుకోవచ్చు కదా అన్నాను. ఆయన తండ్రి కంట్లో ఊళ్లు తిరిగే శుక్లాలవాడొకడు సూది పెట్టాడనీ, ఆ కన్ను నెల తిరక్కుండా పోయిందనీ చెప్పారు. అప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చున్నది తొమ్మిదేళ్ల ఆయనే.

"ఆ కొండ ఒక్కసారి చూసొస్తాను. తరవాత ఎలా ఉన్నా సరే. సత్యానికి మాత్రం తెలియనివ్వకండి."

నేను కాసేపు ఆలోచించాను. ఆయన లెన్సు పన్నెండంగుళాలది. మనిషి ఎంత దూరంలో ఉంటే లెన్సుకూ ప్లేటుకూ మధ్యనున్న తోలుతిత్తిని ఎంత లాగాలో లెక్క కట్టవచ్చు, కంటితో పని లేదు. ఆ మధ్యాహ్నమే ఆకురాయితో కెమెరా కింది పట్టీ మీద తొమ్మిది గంట్లు పెట్టాను. ఆరడుగుల దూరానికి ఒకటి, ఎనిమిదికి ఒకటి, అలా యాభై దాకా. ఆఖరి గంటు అంతకు మించిన దూరాలన్నిటికీ. ఆయన బొటనవేలితో తడిమి, రెండు గంటల్లో వాటిని కంఠస్థం చేశారు. దూరం చెప్పడం నా వంతు. నా అంగ రెండున్నర అడుగులు. మైలురాళ్ల మధ్య రెండువేల నూటపన్నెండు అంగలని ఎన్నోసార్లు చూసుకున్నాను. నేను దేన్నయినా లెక్కపెడుతూ నడుస్తానని అందరికీ తెలుసు గనక ఎవరికీ అనుమానం రాదు.

గుడివాడ: దిబ్బ

రైల్లో పెడన, కవుతరం, గుడ్లవల్లేరు. కుప్పలు వేసిన చేలల్లో మినుము పచ్చగా ఉంది. గఫూరు సాయిబుగారు పెడనలో ఎక్కి, వాళ్లింట్లో చేసిన హల్వా పొట్లం విప్పారు. గుడ్లవల్లేరు దాటేసరికి పొట్లం ఖాళీ. నేను పదకొండు ముక్కలు లెక్కపెట్టాను, అందులో సత్యం తిన్నవి లేవు, అతను గుడివాడలో మాకోసం చూస్తున్నాడు. చివరికి సాయిబుగారికి మిగిల్చింది కాగితమే.

గుడివాడలో ఊరికి ఆనుకుని ఒక పాత దిబ్బ ఉంది. కిందనంతా పాత ఇటుకలు. బౌద్ధుల నాటిదని చెబుతారు. జపాను కొండకు బదులుగా సత్యం దాన్ని ఎంచాడు. నీడ కొలిచి చూస్తే అసలు కొండలో అది నాలుగువందల వంతుల్లో ఒక వంతు కూడా తేలలేదు. కానీ కొండను కింది నుంచి పైకి ఎలా తియ్యాలన్న అభ్యాసానికి అది చాలు.

నేను అంగలు వేస్తూ పైకెక్కి దిగడం చూసి ఒక పెద్దాయన పొలం గట్టు మీద నుంచి వచ్చాడు. కాలవకు కొలతలు వేస్తున్నారా అని అడిగాడు. కాదన్నాను. మరి లెక్కపెడుతున్నారేమన్నాడు. ఫోటోలకని చెప్పాను. మట్టిదిబ్బకు ఫోటో ఏమిటన్నాడు. జపాను వెళ్తున్నామనీ, అక్కడొక కొండ ఉందనీ, దానికి అభ్యాసమనీ వివరించాను. ఆయన చాలాసేపు మా నలుగురినీ చూశాడు.

"మా చేను మాత్రం రాసుకోకండి బాబూ" అని చెప్పి వెళ్లిపోయాడు.

బందరుకూ గుడివాడకూ ఇరవై మైళ్ల పైచిలుకు దూరం. మనుషుల్లో మరికొంచెం ఎక్కువ తేడా. బందరులో కాఫీ ఇచ్చాక వివరాలు అడుగుతారు. గుడివాడలో వివరాలు అయ్యాకే కాఫీ. హోటలువాడు ఇడ్లీలు పెట్టేలోపల నా జీతం, నా పిల్లల సంఖ్య, జపానులో వరి పండుతుందా లేదా అన్నవి తెలుసుకున్నాడు. పండుతుందన్నాను. ఎకరానికి ఎన్ని బస్తాలన్నాడు. తెలియదన్నాను. తెలియకుండానే వెళ్తున్నారా అని నొచ్చుకుని, చట్నీ మాత్రం రెండోసారి వేశాడు.

వెంకటరత్నంగారు దిబ్బ దగ్గర రెండు ప్లేట్లు తీశారు. నేను "ఇక్కడికి నలభై ఎనిమిది అంగలు సుమండీ" అని ఊరికే అన్నట్టు అనేవాణ్ని. ఆయన నల్లగుడ్డలో తల దూర్చేవారు. నేను పక్కనే ఉండి గుడ్డ అంచులోంచి చూశాను, లోపల ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

చల్లపల్లి దారిలో: మునగచెట్టు

జపాను పూలచెట్లకు సాటి మన దగ్గర ఏమున్నాయా అని బందరులో చాలా చర్చ జరిగింది. సత్యం మామిడిపూత అన్నాడు. దూరం నుంచి అది పూతలా కనపడదు, దుమ్ములా కనపడుతుంది. మునగపూత మేలన్నది గఫూరు సాయిబుగారు. చల్లపల్లి బస్సులో వెళ్తుంటే ఒక ఇంటి ముందు మునగచెట్టు ఆకు కనపడకుండా పూసి ఉంది. బస్సు ఆపించి దిగిపోయాం.

ఇంటావిడ చేటలో పెసలు చెరుగుతోంది. కెమెరాలు చూసి చేట దించింది. కూరకాయల చెట్టుకు ఫోటో తీస్తే దిష్టి తగిలి పూత రాలిపోతుందని ఒప్పుకోలేదు. సత్యం ఆవిణ్ని అక్కయ్యా అని పిలిచి, జపానులో ఇలాంటి పూత చూడ్డానికి జనం చాపలు పట్టుకెళ్లి చెట్ల కింద కూర్చుంటారట అన్నాడు.

"ఆ కాయలతో వాళ్లు ఏం వండుకుంటారు?"

ఆ చెట్లకు పూలే గాని తినే కాయలు ఉండవని పుస్తకంలో చదివింది చెప్పాను. కాయ కాయని చెట్టు కింద చాప వేసుకుని కూర్చునే మనుషుల మీద ఆవిడకు జాలి వేసింది. లోపలికి వెళ్లి ఒక పాత చెప్పు తెచ్చి, చెట్టు మధ్యకొమ్మకు తాడుతో కట్టింది. ఇక తీసుకోండి అంది. ముగ్గురూ తీశారు. ముగ్గురి బొమ్మల్లోనూ తెల్లటి పూలవాన మధ్య ఆ చెప్పు వేలాడుతోంది. వచ్చేటప్పుడు ఆవిడ తేగల కట్ట ఒకటి ఇచ్చింది. డబ్బు పుచ్చుకోలేదు.

పులిగడ్డ రేవు

రేవులో బల్లకట్టు అవతల ఉంది. దాన్ని ఇటు ఒడ్డు నుంచే తీద్దామన్నారు వెంకటరత్నంగారు. నీటి మీద అంగలు వెయ్యలేను. అందుకని ఒడ్డున రెండు పుల్లలు పాతి, మధ్య దూరం కొలిచి, అవతలి తాటిచెట్టును రెండు పుల్లల నుంచీ చూసి, ఇసుకలో త్రిభుజం గీసి లెక్క మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న పడవాయన్ని అవతలి ఒడ్డు ఎంత దూరమని అడిగాను.

"చుట్ట దూరం. ఇక్కడ ముట్టిస్తే అక్కడ పారేస్తాం" అన్నాడు.

ఆ చుట్ట పొడవు కూడా రాసుకున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది లెక్క తేలడానికి. తెచ్చి చెప్పబోతే వెంకటరత్నంగారు నా చెవి దగ్గరికి వంగారు.

"యాభై అడుగులు దాటితే అంతా ఆఖరి గంటే కదండీ" అన్నారు.

నేను పెట్టిన గంట్లే. నాకే తట్టలేదు. ఇద్దరం నవ్వుకుంటుంటే సత్యం అనుమానంగా చూశాడు. గఫూరు సాయిబుగారు మాత్రం మావైపు చూడనట్టు నీళ్లవైపు చూశారు.

అవనిగడ్డ: సీతారావమ్మగారి వసారా

అవనిగడ్డకు అరమైలు ఇవతల సత్యం మేనత్త సీతారావమ్మగారి ఇల్లు. అరవై ఏళ్ల మనిషి. సోడాబుడ్డి అడుగుల్లాంటి లావు కళ్లద్దాలు. మేనల్లుణ్ని చూడగానే మిల్లులో బియ్యమంతా నువ్వే తింటున్నావా అని పలకరించారు. మాలో ఒకరు సాయిబుగారని తెలిసి, ఎవరినీ లోపలికి రమ్మనకుండా నలుగురికీ వసారాలోనే వరసగా అరిటాకులు వేయించారు. అలా చేస్తే ఎవరినీ విడిగా కూర్చోబెట్టినట్టు ఉండదు. నేను చూసిన మర్యాదలన్నిటిలోకీ అది తెలివైనది.

కొత్తబియ్యం అన్నం, పెసరపప్పు, వంకాయ, మీగడపెరుగు. మజ్జిగ గ్లాసు అందిస్తే వెంకటరత్నంగారి చెయ్యి గ్లాసుకు ఇవతల జానెడు దూరంలో ఆగింది. సీతారావమ్మగారు గ్లాసును ఆ చేతిలోకి జరిపారు. జపానులో అన్నం దొరుకుతుందా అని మాత్రం అడిగారు. మూడుపూటలా అదేనని చెప్పాను. అయితే భయం లేదన్నారు.

భోజనాలయ్యాక సత్యం పెరట్లోకి వెళ్లాడు. వెంకటరత్నంగారు నడుం వాల్చారు. గఫూరు సాయిబుగారు తేగ చీలుస్తూ నాతో నెమ్మదిగా అన్నారు:

"మా నాన్న ఆఖరి ఆరేళ్లూ బొటనవేలితోనే అద్దకం వేశాడండీ. అచ్చు మూల ఎక్కడుందో వేలితో చూసుకునేవాడు. ఒక్క పువ్వు పక్కకి పోలేదు."

నేను నా పట్టిక విప్పి చూసుకున్నాను.

"కెమెరా పట్టీ మీద ఆయన వేలు చూశాను లెండి. మొన్న గుడివాడలోనే" అని, సగం తేగ నా చేతిలో పెట్టారు.

హంసలదీవి

కృష్ణ సముద్రంలో కలిసేచోటికి ఎడ్లబండి మీద వెళ్లాం. అప్పటికి వెంకటరత్నంగారు ఏడు ప్లేట్లు తీశారు. అయిదున్నాయి. దిబ్బ, చెట్టు, రేవు, సీతారావమ్మగారి ఇల్లు, అన్నీ నా లెక్క ప్రకారం బాగానే వచ్చి ఉండాలి. ఇక్కడ ఒక్కటి కుదిరితే ఎనిమిది. ఓడ ఎక్కినట్టే.

వలలు ఆరబెట్టుకుంటున్న ఒక ముసలాయన కనిపించాడు. పేరు పోలయ్య. ఫోటో అంటే సిగ్గుపడి, భార్యను పిలిచాడు. ఆవిడ వచ్చి, నా మొగుడు ఇంత అందంగా ఉంటాడని నాకెవరూ చెప్పలేదే అంటూ వెనకనుంచి తలపాగా సరిచేసింది. వెంకటరత్నంగారికి ఆ మాటతో హుషారు వచ్చింది. దూరపు దృశ్యాలు వద్దు, మనుషులనే తీస్తానన్నారు. అయిదు ప్లేట్లూ ఆ దంపతులకే. నేను ప్రతిసారీ కెమెరా నుంచి వాళ్ల దాకా నడిచి వచ్చి దూరం చెప్పాను. ఎనిమిది అంగలు, ఇరవై అడుగులు. ఆరంగలు, పదిహేను. ఎండ సరిగ్గా యాభై ఎనిమిది డిగ్రీలకు వచ్చింది. మన గడియారంలో పన్నెండూ పందొమ్మిది. మాఘంలో సూర్యుడు పన్నెండింటికి నడిమింటికి రాడు, పందొమ్మిది నిమిషాలు ఆలస్యం.

తిరుగుబండిలో వెంకటరత్నంగారు చిన్నపిల్లాడిలా మాట్లాడుతూనే ఉన్నారు. అసలు కొండను ముందు తెల్లవారుజామున చూడాలన్నారు.

గాదెలో చీకటి

ప్లేట్లు కడగడానికి చీకటిగది కావాలి. సీతారావమ్మగారింట్లో పాతధాన్యం అమ్మేశారు, కొత్తది ఇంకా నూర్చలేదు. అందుకని గాదె ఖాళీగా ఉంది. మధ్యాహ్నం పూట లోపల దూరి తలుపు వేసుకుంటే సొంత చెయ్యి కనపడదు. మూడుసార్లు ఊడిపించాం. కాలవనీళ్లు వడకట్టి కూజాల్లో చల్లబరిచాం. ఎర్రదీపం ఒకటి పెట్టుకుని ముగ్గురూ లోపలికి వెళ్లారు. నేను బయట గడియారంతో కూర్చుని నిమిషాలు చెప్పాను. మధ్యలో సత్యం తల దూలానికి ఠపీమని కొట్టుకున్న చప్పుడు వినిపించింది. తరవాత గాదెలో ముగ్గురూ చాలాసేపు తుమ్మారు. ముప్పై ఆరు ప్లేట్లనూ అక్కడే నిలబెట్టి ఆరనిచ్చారు.

ఎండలో అచ్చులు

మర్నాడు పొద్దున్న ప్లేట్ల కింద కాగితం పెట్టి ఎండలో అచ్చులు తీసి, నులకమంచం మీద వరసగా పరిచారు. ముందు నేను నా పట్టిక చూసుకున్నాను. ముప్పై ఆరింటిలో ముప్పై మూడింటికి వెలుతురు సరిపోయింది. అంతలో సత్యం పెద్దగా నవ్వడం మొదలుపెట్టాడు.

అన్ని బొమ్మల్లోనూ మంచు కురుస్తోంది. గుడివాడ దిబ్బ మీద మంచు. చెప్పు కట్టిన మునగచెట్టు మీద మంచు. పులిగడ్డ రేవు మీద, సీతారావమ్మగారి అరుగు మీద, పోలయ్య తలపాగా మీద సన్నగా, తెల్లగా మంచు. గఫూరు సాయిబుగారు కళ్లు తుడుచుకునేంత నవ్వారు. అందరం నవ్వాక ఒక్క క్షణానికి వెంకటరత్నంగారు కూడా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నామో ఆయనకు కనపడలేదని నాకు తెలిసింది. ఆయన ఒక ప్లేటు తీసుకుని దాని మీద వేలితో తడిమారు.

"ఊక. తడి ప్లేటు మీద పడి అంటుకుపోయింది" అన్నారు.

మాలో కారణం మొదట కనిపెట్టింది ఆయనే. సత్యం తల కొట్టుకున్నప్పుడు దూలం మీదినుంచి రాలిన ఊకదుమ్ము అది. ఆ మచ్చలు అందరి ప్లేట్లలోనూ ఉన్నాయి గనక లెక్కలోకి రావని సత్యమే తేల్చాడు. తరవాత స్పష్టంగా ఉన్నవి ఏరడం మొదలుపెట్టాడు. సాయిబుగారివి పది. తనవి తొమ్మిది. వెంకటరత్నంగారివి మొదటి ఏడూ పక్కన పెట్టి, హంసలదీవి బొమ్మలు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"మావయ్యగారూ, ఇవేవిటండీ, అయిదుకి అయిదూ మసక."

వెంకటరత్నంగారు మంచం అంచు పట్టుకున్నారు. ఏడు. ఒక్కటి తక్కువ.

నేను ఆ బొమ్మను లాక్కుని చూశాను. ముసలాయన మొహం మసక. కానీ ఆయన వెనక ఆరేసిన వల కన్ను కన్నూ వేరువేరుగా కనపడుతోంది. ఆ వల ఆయనకు నాలుగడుగులు వెనక ఉంది. అప్పుడు నాకు తెలిసిపోయింది. తెలిసింది నోట్లో ఆగలేదు.

"ఇది కంటి తప్పు కాదు, అంగ తప్పు. గట్టినేల మీద నా అంగ రెండున్నర. ఇసుకలో కాలు దిగబడి రెండే పడింది. ఎనిమిది అంగలంటే పదహారు చెప్పవలసింది, నేను ఇరవై అని చెప్పాను. సరిగ్గా నాలుగడుగులు తేడా. అందుకే వల వచ్చింది, మనిషి రాలేదు" అన్నాను. లెక్క అంత చక్కగా కలిసినందుకు నాకు సంతోషం కూడా వేసింది.

"మీరు చెప్పడమేవిటి బావగారూ?" అన్నాడు సత్యం.

అప్పుడు గాని నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. గఫూరు సాయిబుగారు తల దించుకున్నారు. వెంకటరత్నంగారే చెప్పారు. శుక్లాలు, గంట్లు, నా అంగలు, తండ్రి కన్ను, అన్నీ. కొండ సంగతి మాత్రం చెప్పలేదు. అది అందరికీ తెలిసిందే.

సత్యం మొహం ఎర్రబడింది. "మరి నాతో ఎందుకు చెప్పలేదండీ? నేను పరాయివాణ్నా?"

"నువ్వు పెట్టిన రూలు అలాంటిది మరి. చెబితే దింపేస్తావని భయపడ్డాడు" అన్నారు గుమ్మంలోంచి సీతారావమ్మగారు.

ఆవిడ వచ్చి మంచం మీద బొమ్మలు పక్కకి జరిపి కూర్చున్నారు. కళ్లద్దాలు తీసి వెంకటరత్నంగారి చేతిలో పెట్టారు. ఆయన వాటిని తడిమి, చేత్తో బరువు చూశారు.

"ముందటేడు మద్రాసులో శుక్లాలు తీశారు నాకు. పదిరోజులు కదలకుండా పడుకోబెట్టారు, అదే కష్టం. సూదులవాళ్ల రోజులు పోయాయి. ఇప్పుడు మొయ్యవలసింది ఈ బరువేనయ్యా, ఇంకేం లేదు" అన్నారు.

పెరట్లో ఎవరో కుప్ప విప్పుతున్న చప్పుడు వస్తోంది. సత్యం ఆ అయిదు మసక బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి, నావైపు తిరిగాడు.

"చైత్రం కాకపోతే అక్కడ మళ్లీ ఎప్పుడు బాగుంటుందండీ?"

కార్తీకంలో ఆకులు ఎర్రబడతాయని పుస్తకంలో ఉందన్నాను.

"అయితే లెక్క మార్చండి. మావయ్యగారిని మద్రాసు నేను తీసుకెళ్తాను" అన్నాడు. అని, మేనత్త వైపు చూడకుండా, "రూలు మాత్రం రూలే. కార్తీకానికి ముందు మళ్లీ పన్నెండు తియ్యాలి" అన్నాడు.

వెంకటరత్నంగారు కళ్లద్దాలు తిరిగి ఇచ్చేముందు ఒక్కసారి తన కళ్లకు పెట్టుకుని చూశారు.

మళ్లీ బందరు

కార్తీకంలో జపాను మధ్యాహ్నపు సూర్యుడు ముప్పై ఏడు డిగ్రీలకు మించడు. మన బందరులో మధ్యాహ్నం అంత కిందికి ఏ మాసంలోనూ దిగడు, ఎంత చలికాలమైనా యాభైకి తగ్గడు. అందుచేత ఆ ఎండ మనకు దొరికేది సాయంకాలం వైపే. వైశాఖంలో అయితే మూడూ నలభైకి. పాత పట్టిక పక్కన పెట్టి కొత్తది వేశాను. ఆపరేషను సంగతులు సత్యం చెబితే బాగుంటుంది, పదిరోజులూ పక్కన కూర్చున్నది అతనే. వెంకటరత్నంగారు తన తండ్రి చెయ్యి ఎలా పట్టుకున్నారో సత్యం ఆయన చెయ్యి అలా పట్టుకున్నాడని మాత్రం విన్నాను.

కళ్లద్దాలు వచ్చిన వారానికి ఆయన నన్ను పిలిచారు. పరదాను పెరట్లో ఎండకు కట్టించారు. దాని ముందు నిలబడి చాలాసేపు చూశారు.

"కొండ ఎడంపక్కకి జారిపోయిందండీ. ముప్పై ఏళ్లు ఒక్కరూ చెప్పలేదే" అన్నారు.

"ఎవరూ చూడలేదు. అందరూ పెళ్లికూతుళ్లనే చూశారు" అన్నాను.

మూడూ నలభై అయింది. నన్ను కొండ ముందు నిలబడమన్నారు. అలవాటు కొద్దీ నేను కెమెరా నుంచి పరదా దాకా అంగలు వేసి, ఎనిమిది, ఇరవై అడుగులు అని చెప్పాను. గట్టినేలే, ఇసుక కాదు. ఆయన నల్లగుడ్డలో తల దూర్చారు. ఈసారి త్వరగా బయటికి రాలేదు. పట్టీ మీద వేలు లేదు. గుడ్డ లోపలి నుంచే మాట వచ్చింది.

"ఎంతన్నారు?"

"ఇరవై."

"కాదండీ. ఇరవై గంటు దగ్గర బొమ్మ తేలడం లేదు. పందొమ్మిదికి మించదు. మీ అంగ చిన్నదైపోతోంది కామేశంగారూ. వయసు."

టేపు తెచ్చి కొలిచాను. పద్ధెనిమిది అడుగుల పది అంగుళాలు. ఇప్పుడు మైలురాయి దగ్గరికి వెళ్లి నా అంగ మళ్లీ కొలుచుకోవాలి. కార్తీకానికి ఇంకా ఆరునెలల టైముంది.